ప్లాట్‌ఫాం మీద మంజూష

అమీర్‌పేటలో అంజమ్మ టైలరింగ్ షాపుకొచ్చిన సుష్మిత జాకెట్టు కొలతలిస్తూ మాటవరసకు అన్నది.

“మా అత్తమ్మకు కండ్లు పూర్తిగ పోయినయి ఆంటీ. మధ్యాహ్నం పూట ఎవరన్న జర కథలు చదివిపెడితే బాగుండు. మీరు కథలు రాస్తరు గద, మీరే రారాదు? పంజగుట్టనే. తలుపుకు ప్రమోద అని బోర్డుంటది, అత్తమ్మ పేరే.”

అంజమ్మ చేతిలో టేపు ఆగిపోయింది. ఇంటిపేరు కూడా అడిగింది. సందేహం లేదు. ఆమే. మంజూషను నాంపల్లి స్టేషన్‌లో వదిలేసిన ప్రమోద.

మంజూషకు అప్పుడు ఆరేళ్లు. జనం తోపులాటలో తల్లి చెయ్యి జారింది. తల్లిని ఎక్కించుకుని రైలు కదిలింది. పిల్ల ప్లాట్‌ఫాం మీద గుక్కపట్టి ఏడుస్తోంది. ప్రమోద తలుచుకుంటే తల్లీపిల్లల్ని కలిపేది. తలుచుకోలేదు. పిల్లను అక్కడే వదిలేసి తన పనుల్లో తాను పడింది.

అప్పటిదాకా ఆ పిల్ల కబురు వారం వారం అంజమ్మకు తెలిసేది. ఆ తర్వాత తెలియలేదు. ఏమైందో చెప్పమని కార్డులు రాసింది. జవాబు లేదు. దసరా పూట కూడా ముద్ద దిగలేదు.

“గా పిల్ల మనకేమైతదే?” అని మొగుడు శివరాములు విసుక్కున్నాడు.

ఏమవుతుందో అంజమ్మకూ తెలియదు. కానీ ఆనాటి నుంచి ఎవరు గడప దాటినా ఆమెకు గుండెదడే. చేరామని కబురొచ్చేదాకా మిషన్ తొక్కలేకపోయేది. షాపుల బోర్డులు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి కథలు రాయడం మొదలుపెట్టిందీ ఆ దడతోనే. ఆమె కథల్లో తప్పిపోయిన వాళ్లందరూ చివరికి ఇల్లు చేరాల్సిందే.

అంజమ్మ ఒప్పుకుంది. తన కథే సంచిలో పెట్టుకుని రోజూ మెట్రో ఎక్కింది. తమ్ముడితో గొడవపడి విడిపోయిన సారయ్య, ముసలితనంలో అతణ్ని వెతుక్కుంటూ ఊరూరా తిరిగే కథ. ప్రమోద చెవులు రిక్కించి వినేది. మరునాటి కోసం ఎదురుచూసేది.

“ఎక్కడ ఆపాలో మీకు భలే తెలుసండీ. ఎవరు నేర్పారు?”

“ఒకామె నేర్పింది. నేర్పినట్టు ఆమెకు సుత తెల్వది.”

ఆఖరి రోజు రానే వచ్చింది.

“రేపు పొద్దున్నే బెంగుళూరు వెళ్తున్నాను, మా అమ్మాయి దగ్గరికి. ఇక అక్కడే ఉంటాను. ఇవాళ కథ పూర్తి చేసేయండి అంజమ్మగారూ” అంది ప్రమోద.

అంజమ్మ చదివింది. సారయ్య మెట్లెక్కాడు. తలుపు కొట్టాడు. లోపల అడుగుల చప్పుడు. ఎవరో గడియ తీస్తున్నారు.

అక్కడ ఆపింది. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

“అయిపోయిందా?”

“కాలే.”

“మరి చదవండి. తీసింది తమ్ముడేనా? అసలతను బతికే ఉన్నాడా?”

“నాకెర్కే. చెప్ప.”

“ఇదెక్కడి న్యాయమండీ! నాకు రాత్రి నిద్ర పడుతుందా?”

“పట్టది” అంది అంజమ్మ. “ఇగ ఏ రాత్రీ పట్టది.”

లేచి చెప్పులేసుకుంది. ప్రమోద గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చి, ఆమె కొంగు దొరకబుచ్చుకుంది.

“మీకు నేనేం పాపం చేశానండీ?”

“మంజూష యాదికున్నదా?”

ప్రమోద నుదురు చిట్లించింది.

“ఏ మంజూష?”

అంజమ్మకు ఒళ్లంతా మండింది. మరిచిపోయింది! ఆ ఏడుపు ఇన్నేళ్లుగా తన చెవుల్లో మోగుతుంటే, ఈమెకు పిల్ల పేరు కూడా గుర్తులేదు!

కొంగు విడిపించుకుంది.

“వీక్లీల రాస్త రాస్త సగంల ఆపేసిన మీ సీరియల్ ముందుగాల పూర్తి చేసి, గా పిల్లను తల్లి దగ్గరికి చేర్చున్రి, తలుపెవరు తీసిన్రో నేను అప్పుడు చెప్త.”