అతుకు పక్కన

చక్రాల కుర్చీ సోమవారం విరిగింది.

హాస్పిటల్‌లో ట్రయల్‌కి ఇచ్చిన రెండో రోజే. అందులో కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్లాడి చెయ్యి విరిగింది.

ఓనర్ ఫోన్ పెట్టేసి అన్నాడు. “ఫ్రేమ్ ఎక్కడ పగిలిందో తెలుసా శ్యామ్? వెల్డింగ్ పక్కనే.”

శ్యామ్‌సుందర్‌కు నెల క్రితం ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది.

అది 1984. అమెరికాలోని శాంటా క్లారాలో కంప్యూటర్లకు అల్యూమినియం భాగాలు చేసే చిన్న వర్క్‌షాప్. అక్కడ అన్నీ బోల్టులతో బిగించేవే. వెల్డింగ్‌తో అతికించే వస్తువు, హాస్పిటల్ వాళ్లు ఒక పిల్లాడి కోసం చేయమన్న ఆ కుర్చీయే మొదటిది. ఏ రకం అల్యూమినియం వాడాలో తేల్చాల్సింది ఇంజనీరు శ్యామ్‌సుందర్.

డ్రాయింగ్ మీద 7075 అని రకం నంబర్ రాస్తుండగా దీనమ్మ వచ్చింది. తుక్కును రకాలవారీగా ఏరి డబ్బాల్లో వేసే మనిషి. కాకినాడ వైపు ఆవిడ.

“బాబూ, ఆ కుర్చీ సెవెంటీ సెవెంటీఫైవ్‌తో చేస్తున్నారంట?”

“అవునాంటీ. మామూలు సిక్స్‌టీ సిక్స్‌టీవన్ రకం కంటే దాదాపు డబల్ స్ట్రాంగ్.”

ఆమె ఏప్రాన్ జేబులోంచి మూడు ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇదివరకు నేను పనిచేసిన స్క్రాప్ యార్డ్‌కి నిన్న వెళ్లి ఏరుకొచ్చాను. నంబర్ చూడండి, అన్నీ మీరు రాసిన రకమే. తెలీక అతికించినోళ్లవి. అన్నీ అతుకు పక్కనే పగిలాయి.”

“నేను బుక్‌లో స్ట్రెంత్ టేబుల్ చూసే రాశాను ఆంటీ.”

“ఆ టేబుల్ అతికించిన ముక్కదా, అతికించని ముక్కదా బాబూ?”

అతను నవ్వాడు. “మీరు డబ్బాలు చూసుకోండి. నేను బుక్ చూసుకుంటాను.”

“ఆ పిల్లాడు కుదురుగా కూర్చునే రకం కాదు. మెట్టు కనబడితే కుర్చీతో దూకేస్తాడు.”

“మీకెలా తెలుసు?”

“పిల్లలు కదా,” అని, ముక్కలు అక్కడే వదిలి వెళ్లిపోయింది.

శ్యామ్‌సుందర్ ఇప్పుడు పుస్తకం తెరిచాడు. ఆ టేబుల్‌కి తర్వాతి పేజీలోనే రాసి ఉంది. 7075 వెల్డింగ్‌కు పనికిరాదు. 6061 పనికొస్తుంది.

మూడు వారాల్లో 6061తో కొత్త కుర్చీ చేయించాడు. ముందుగా దీనమ్మకే చూపించాలనుకున్నాడు. కానీ కుర్చీ విరిగిన సోమవారం నుంచి ఆమె పనిలోకి రావడం లేదు.

“దీనమ్మ మానేసిందా?” అని ఓనర్‌ని అడిగాడు.

ఓనర్ సొరుగులోంచి హాస్పిటల్ ఫారం తీసి అతని ముందు పెట్టాడు.

“ఎవరికీ చెప్పొద్దంది. ఎవరి పిల్లాడికైనా ఎలా చేస్తారో అలాగే చేయమంది.”

పిల్లాడి పేరు రత్నరాజు. తల్లి పేరు దగ్గర దీనమ్మ అని ఉంది.

కుర్చీ సిద్ధంగా ఉంది. ఫారం మీద అడ్రస్ కూడా ఉంది. శ్యామ్‌సుందర్ ఇంకా ఆ తలుపు తట్టలేదు.