‘రన్’ ఆఖరి ప్రూఫు

“ఆ మిషన్ జోలికి వచ్చారో, ఊరుకునేది లేదు!” అంది చెల్లెమ్మ, మంచానికీ ఊపిరి పోసే మిషనుకూ మధ్య అడ్డంగా నిలబడి.

చెల్లెమ్మ అనేది ఆవిడ పేరు కాదు. మంచం మీద ఉలుకూ పలుకూ లేకుండా పడున్న ప్రూఫ్ రీడరు ఆవిణ్ణి ఇరవై ఆరేళ్లుగా అలా పిలిచేవాడు. ఇద్దరికీ రక్తసంబంధం ఏమీ లేదు. ఒకే బల్లకు చెరోపక్కా కూర్చుని ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు దిద్దిన సంబంధం. ఆవిడ రాతప్రతి పైకి చదివేది, ఆయన ప్రూఫులో తప్పులు పట్టేవాడు.

“సంతకం పెట్టేశానత్తా,” అన్నాడు ఆయన కొడుకు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. “ఇరవై మూడు రోజులైంది. నాలుగింటికి మిషన్ ఆపేస్తారు. నా ప్రాణం తియ్యకు, పక్కకి రా.”

“ఇందాక నేను ఆఫీసు కబుర్లు చెబుతుంటే మీ నాన్న వేలు కదిలిందిరా!”

“అది నరాల అదురు, అమ్మా,” అన్నాడు డాక్టరు. “ఆయనకు ఏమీ తెలియదు. వినబడదు కూడా.”

“అదురైతే ఎక్కడ పడితే అక్కడ అదరాలి. మా అన్నయ్యకు నేను ‘రన్’ ప్రూఫు మాట ఎత్తినచోటే అదిరింది. ఐదు నిమిషాలివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం.”

సంచిలోంచి ప్రూఫు కాగితాలు తీసింది. ఆయన కుప్పకూలిన రోజు దిద్దుతున్నది ‘రన్’ అనే మాట. బడికెళ్లే పిల్లలకు కూడా వచ్చిన మాటే గానీ, దాని అర్థాలు పదకొండు పేజీలు. మనిషి పరుగెత్తినా అదే, ముక్కు కారినా అదే, కొట్టు నడిపినా అదే, ఎన్నికల్లో నిలబడినా అదే, ఉతికిన బట్ట రంగు దిగినా అదే. ఇంకో మాటతో కలిసిందంటే మరీ తలనొప్పి. మధ్యలో హైఫన్ గీత ఒకచోట ఉండితీరాలి, ఇంకోచోట ఉండనే కూడదు. ఆ గీత వచ్చినప్పుడల్లా చెల్లెమ్మ నోటితో చెప్పకుండా బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టేది. మరిచిపోతే ఆయనే వేలితో ఠక్కున కొట్టి, “మింగేశావు చెల్లెమ్మా!” అనేవాడు.

“ఇప్పుడు గీతలన్నీ మింగేస్తూ చదువుతాను. ఆ వేలి మీదే కన్నేసి ఉంచండి,” అంది.

చదవడం మొదలుపెట్టింది.

“రన్‌వే. విమానం దిగే బాట.”

వేలు కదల్లేదు. ఆ మాటలో గీత లేదని తెలియని డాక్టరు, కొడుకు వైపు చూశాడు.

“రన్ డౌన్. నీరసించిన, పాడుబడిన.”

చూపుడువేలు లేచింది. దుప్పటి మీద ఒక్కసారి పడింది.

“కాకతాళీయం,” అన్నాడు డాక్టరు. ఈసారి గొంతులో అంత బలం లేదు.

“రన్నర్ అప్. పోటీలో రెండోవాడు.”

వేలు మళ్లీ పడింది.

“రన్ ఆఫ్ ద మిల్. సాదాసీదా, మామూలు.”

ఒకటి. కాస్త ఆగి, రెండు. చాలాసేపు ఆగి, మూడు.

డాక్టరు ఆవిడ చేతిలోంచి కాగితం లాక్కుని చూశాడు. ఆ మాటలో సరిగ్గా మూడు గీతలున్నాయి.

“నాన్నా!” కొడుకు మంచం మీద పడిపోయాడు. “వింటున్నావా? ఇన్నాళ్లూ వింటూనే ఉన్నావా? నీ పక్కనే నిలబడి మేం మాట్లాడుకున్న మాటలన్నీ విన్నావా!” సంతకం పెట్టిన కాగితం తీసి పరపరా చింపేశాడు. చెల్లెమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

డాక్టరు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “మీ దగ్గర దాచి లాభం లేదు. ఆయన తెలివిలోనే ఉన్నారు. కానీ ఆ వేలు తప్ప ఇంకేదీ కదలదు. ఇకమీదట కదులుతుందని ఆశ పెట్టుకోవద్దు. మిషను మీద ఇలాగే ఏళ్ల తరబడి ఉండొచ్చు. ఇంతకాలం మీరు నిర్ణయించారు, ఇక నిర్ణయించాల్సింది ఆయనే. అడగండి.”

చెల్లెమ్మ ఆయన వేళ్ల మధ్య పెన్సిల్ ఇరికించింది. కింద ప్రూఫు కాగితం పెట్టి, చెవి దగ్గరకు వంగింది.

“అన్నయ్యా, ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.”

పెన్సిల్ కదలడానికి చాలాసేపు పట్టింది. వంకరగా ఒక గీత, దాని చివర మెలికపడిన చిన్న సున్నా. అంతే. పెన్సిల్ జారి కింద పడింది.

“ఇదేంటత్తా? ఏ అక్షరం ఇది?”

“అక్షరం కాదురా. ప్రూఫుల్లో పెట్టే గుర్తు.”

“అంటే?”

కొడుకూ డాక్టరూ ఇద్దరూ ఆవిడ నోటి వైపే చూస్తున్నారు. ఆవిడ ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేసింది.

“మార్చొద్దు, ఉన్నది ఉన్నట్టే ఉంచండి, అని,” అంది.

కొడుకు తండ్రి నుదురు ముద్దుపెట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ, తల్లికి కబురు చెప్పడానికి బయటికి పరుగెత్తాడు. చేయాల్సిన పనులు నర్సుకు చెబుతానంటూ డాక్టరూ వెనకాలే వెళ్లాడు.

చెల్లెమ్మ మంచం అంచున కూలబడి ఆయన చెయ్యి పట్టుకుంది. ఇరవై ఆరేళ్లలో ఏనాడూ కాగితం మీద ఉన్నది ఒకటైతే ఇంకొకటి చదవలేదు ఆవిడ. ఆయన మొహంలోకి చూసే ధైర్యం చాల్లేదు.

“నా వల్ల కాలేదన్నయ్యా,” అంది.

ఆవిడ అరచేతిలో ఆ వేలు మెల్లగా మళ్లీ అదే గుర్తు గీసింది. ప్రూఫుల్లో దానికి ఒకటే అర్థం: తీసెయ్యండి.