చెట్టుకు కట్టిన గుడ్డ

"అన్నా, మా నాయన కనపడట్లేదు! ఈ బెంచీ మీదనే కూర్చోబెట్టి పోయినా."

"ఏ రంగు అంగీ వేసుకున్నడమ్మా?" అడిగాడు పార్కు వాచ్‌మన్.

బ్లెస్సీకి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. యర్రగొండపాలెం నుంచి వచ్చిన తండ్రి యోసేపుకు హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి చూపిద్దామని లుంబినీ పార్కుకు తీసుకొచ్చింది. పడవ టికెట్లు తెచ్చేలోపు మనిషి లేడు. ఆయన నంబరుకు చేస్తే ఫోను తన సంచీలోనే మోగింది.

వాచ్‌మన్ నీళ్ల వైపు చూశాడు. "ఈత వస్తదా?"

"రాదన్నా. మాది అడవి పక్క ఊరు."

ఆ మాట అనగానే, చిన్నప్పుడు నల్లమలలో కట్టెలకు పోయినప్పుడు నాయన చెప్పింది గుర్తొచ్చింది. 'తప్పిపోతే తిరగొద్దు. చెట్టుకు గుడ్డ కట్టి కిందనే కూర్చో. నేనే వస్తా.'

మనుషుల ముఖాలు వెతకడం మాని తలెత్తింది. దూరంగా గేటు దగ్గర వేపకొమ్మకు ఎర్ర తువ్వాలు వేలాడుతోంది. పరిగెత్తింది.

ఆ చెట్టు కిందే యోసేపు కూర్చుని ఉన్నాడు.

"ప్రాణం పోయింది నాయనా! బెంచీ మీద నుంచి ఎందుకు లేచినావు?"

"నువ్వు ఎంతకూ రాకపోతివి. ఎతుక్కుంటా వచ్చి దారి తప్పినా."

"నేను యాడికి పోతా? నేను దినామూ తిరిగే ఊరేగా ఇది!"

యోసేపు ఆమె చున్నీ అంచు పట్టుకున్నాడు.

"పార్కులో చెట్లన్నీ చూసినా తల్లీ. ఒక్కదానికీ నీ చున్నీ లేకపాయె. గుడ్డ కట్టే సందు గూడా లేకుండా నీకేమాయెనో అని..."