గోరింక మార్చిన పద్ధతి

అడవిలో కబుర్లు మోసే పని గోరింకది. ఎవరికి చెప్పమంటే వాళ్ళ చెవిలోనే వేసేది. కుందేలుకు పిల్లలు పుట్టగానే సంబరం పట్టలేక, "తుమ్మపొద కింద బొరియలో ఉన్నామని ఉడుత వదినకు చెప్పవే" అంది.

కాసేపటికి ఉడుతకు బదులు జింక వచ్చింది. "పిల్లలు బాగున్నాయా అక్కా? గోరింక అందరికీ చెబుతోందిలే!"

కుందేలు పరుగున వెళ్ళి గోరింకను నిలదీసింది.

"పద్ధతి మారిందమ్మా! ముందుగా 'గుట్టు' అంటేనే గుట్టు. లేకపోతే అడవంతటికీ చాటుతాను. మొన్న కొమ్మెక్కి చెప్పానే, నువ్వు మేతలో పడి వినలేదు" అంది గోరింక.

అడవంతా అంటే నక్క కూడానూ! కుందేలు గబగబా పిల్లల్ని నోట కరుచుకుని రాళ్ళసందులోకి చేర్చేసింది. నక్క వచ్చి ఖాళీ బొరియలో ఆత్రంగా ముక్కు దూర్చింది. ముక్కునిండా దుమ్మెక్కి, తుమ్ముకుంటూ ఇంటిదారి పట్టింది. రాళ్ళ మీదనుంచి చూస్తున్న కుందేలు పడీపడీ నవ్వింది.

మర్నాడు పొద్దున్నే గోరింకను ఆపింది.

"ఇవాళ నీ పద్ధతేమిటమ్మా?"

"నిన్నటిదే."

"అయితే గుట్టు! వదినను పిల్లల్ని చూడ్డానికి రాళ్ళసందుకు రమ్మను."

ఆ పూటే ఉడుత రేగుపళ్ళతో దిగింది. ఆ రోజు నుంచి తెల్లారితే చాలు, కుందేలుది అదే ప్రశ్న.

గోరింక విసుక్కుంది. "రోజూ అడుగుతావేమే?"

"నువ్వు ఏ రోజు మారుస్తావో ఎవరికి తెలుసే?" అంది కుందేలు హాయిగా నవ్వుతూ.