కుడివైపు ఖాళీ

మలుపులో, జీపు వెనక గుర్రాన్ని ఎక్కించిన ట్రైలర్ ఎడమకు, లోయవైపు లాగింది. పై ప్రాణాలు పైనే పోయాయి. బ్రేకు గట్టిగా తొక్కకుండా, గేరు తగ్గించి మెల్లగా ఆపాను.

ఎదురుగా వస్తున్న ట్రాక్టర్ మనిషి దిగొచ్చి, ట్రైలర్‌లోకి తొంగిచూశాడు.

"ఇదేంటి పెద్దాయనా! ఒక్క గుర్రమే ఉన్నప్పుడు కుడివైపు కట్టాలి కదా? రోడ్డు అసలే ఎడమకు వాలి ఉంది."

"తెలుసు నాయనా. చెబితే వినదు. ఇంట్లో ఉండేది మేమిద్దరం, ఇద్దరం మొండిఘటాలమే."

మా ముసలి గుర్రానికి ఎడమవైపే అలవాటు. అమ్మేసిన పిల్ల గుర్రాన్ని దింపడానికి వెళ్ళినప్పుడల్లా ముందు ఇదే ఎక్కేది. దీన్ని చూసి పిల్లది బెదరకుండా కుడివైపు ఎక్కేది. దారంతా తోడుండి, దాన్ని అక్కడ వదిలి, ఇదొక్కటే నాతో తిరిగొచ్చేది.

"మరి ఇవాళ పిల్లదేదీ?"

"పిల్లలన్నీ వెళ్ళిపోయాయి. కొట్టంలో మిగిలింది ఇదే."

పొద్దున ఎక్కగానే ఎప్పటిలాగే ఎడమకు ఒదిగి, కుడివైపు చోటు వదిలి, తలుపు వైపు చూస్తూ నిలబడింది. ఎంత లాగినా జరగలేదు. ఇంకెవరూ రారని దానికెలా చెప్పను?

"మరి దీన్నెక్కడికి తీసుకెళ్తున్నారు?"

"దింపి రావడానికే. నాకూ ఓపిక అయిపోయింది."

అతను నా భుజం తట్టాడు.

"ఈ తిప్పలన్నీ వెళ్ళేటప్పుడేలెండి. వచ్చేటప్పుడు ఖాళీ బండి, ఎటూ లాగదు."