రెండు పెట్టెల గిటార్

"ఈ వారం కూడా గిటార్ వినపడలేదు బాబూ."

ఆరాధన ముగిసింది. వేదిక మీద వైర్లు చుట్టుకుంటున్న గిటారిస్టు తలెత్తి చూశాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన మెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

గిటారిస్టుకు ఒళ్లు మండింది. అటొక స్పీకర్ పెట్టె, ఇటొక స్పీకర్ పెట్టె పెట్టి, ఒక్క గిటార్‌ను రెండుగా చేసి హాలు నింపడం నేర్చుకోవడానికి అతనికి రెండేళ్లు పట్టింది. నెల కిందట కాలి దగ్గరున్న కొత్త మీట ఒకటి నొక్కి చూశాడు. అది ఒక వైపు ధ్వనిని తలకిందులు చేస్తుంది. అంతే, గిటార్ గోడల అవతలి నుంచి వస్తున్నంత విశాలమైపోయింది. పాస్టరుగారు భుజం తట్టారు. ఇక ఆ మీట తీస్తే ఒట్టు!

"హాలు దద్దరిల్లిపోతుంటే వినపడలేదంటారేంటండీ?"

"హాల్లో కాదు, ఫోన్లో. మా ఆవిడ మంచం పట్టింది. మీరు ఫోన్లో పంపే ఆరాధన వింటుంది. పాట వినపడుతోంది, డ్రమ్స్ వినపడుతున్నాయి. చివరి పాటకు ముందు గిటార్ ఒక్కటే వాయిస్తారు కదా, అప్పుడు మాత్రం ఏమీ లేదు. వారమంతా దానికోసమే ఎదురుచూస్తుంది. ఇక ఎక్కువ రోజులు లేవన్నాడు డాక్టరు, బాబూ."

"ఫోన్ పాతదై ఉంటుంది. మార్చండి."

పై ఆదివారం పెద్దాయన మళ్లీ వచ్చాడు.

"ఫోన్ మార్చాను. అయినా అంతే."

"అయితే ఇక చెవులు మార్చాలి అంకుల్."

డ్రమ్స్ దగ్గరున్నతను పకపకా నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. తల పంకించి వెళ్లిపోయాడు.

మూడో ఆదివారం ఆరాధన మొదలవకముందే వచ్చాడు.

"ఒక్క మాట బాబూ. ఇవాళ్టికి ఒక పెట్టె ఆపేసి, రెండోదానితోనే వాయిస్తారా? అప్పుడు వినపడొచ్చు."

"ఒంటికాలి మీద నడవమంటారా నన్ను? అసలు గిటార్ గురించి మీకేమైనా తెలుసా?"

"నా సంగతి వదిలెయ్యండి. ఈ ఒక్క వారం..."

"ఇక్కడ రెండొందల మంది కూర్చున్నారు. ఒక్కరి కోసం అందరికీ సగం గిటార్ వినిపించమంటారా?"

పెద్దాయన గేటు వైపు నడిచాడు.

నాలుగో ఆదివారం రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు గిటారిస్టు.

బుధవారం సాయంత్రం ప్రాక్టీసుకు వస్తే, మిక్సర్ చూసే కుర్రాడు కేకేశాడు.

"అన్నా, మొన్న చివరి పాటకు ముందు చించేశావు. రికార్డింగ్ విందువుగాని రా!"

ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కాడు. రికార్డింగులో ఎవరో దగ్గారు. హాల్లో బల్ల ఒకటి కిర్రుమంది. తరువాత ఏమీ లేదు. నిమిషం పాటు అంతా నిశ్శబ్దం. ఆపైన పాట మొదలైంది.

"గిటార్ ఏదిరా?"

కుర్రాడు తెల్లబోయి, ఇయర్‌ఫోన్లు తగిలించి వినిపించాడు. గిటార్ హోరెత్తిపోతోంది. వైరు పీకేశాడు. మళ్లీ ఏమీ లేదు.

"అన్నా, ఆ కొత్త మీట! రెండు చెవులకీ విడివిడిగా వెళ్తే బాగానే ఉంది. ఫోన్ స్పీకర్లో రెండు వైపులూ కలిసేసరికి ఒకటి తోస్తుంటే రెండోది లాగుతోంది. ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. ఒక పెట్టె ఆపేసినా సరిపోయేది."

పెద్దాయనతో తను అన్న మాటలన్నీ గిటారిస్టుకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాడు.

మంచం పట్టినవాళ్ల చిరునామాలు చర్చి గుమస్తా దగ్గర ఉన్నాయి. పెద్దాయన గుర్తులు చెప్పి ఆ ఇంటి చిరునామా అప్పుడే అడిగి తీసుకున్నాడు. గిటార్ భుజాన వేసుకుని గేటు దాకా వెళ్లాడు కూడా.

అక్కడ ఆగిపోయాడు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి? ఆదివారం వినపడేలా వాయించి, అప్పుడు వెళ్తే కాస్త తలెత్తుకోవచ్చు. అలా అనుకుని వెనక్కి తిరిగాడు.

ఆదివారం మీట తీసేసి వాయించాడు. అంత బాగా ఎన్నడూ వాయించలేదు. ఆరాధన ముగియగానే పరుగున వెళ్లాడు.

ఒకావిడ తలుపు తీసింది. వెనుక గదిలో పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కనున్న మంచం ఖాళీగా ఉంది. దిండు మీద ఫోన్ ఉంది.

"అమ్మ శుక్రవారం పోయిందండీ," అంది ఆవిడ మెల్లగా.

పెద్దాయన తల తిప్పి చూశాడు.

"వచ్చారా బాబూ? ఇవాళ వినపడింది. శుభ్రంగా వినపడింది."

గిటారిస్టు ఆయన కాళ్ల దగ్గర కూలబడిపోయాడు.

"బుధవారమే తెలిసిందండీ నాకు. బుధవారమే రావాల్సింది. క్షమించండి."

"ఊరుకోండి. మీరు బాగా వాయించారు."

ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. అక్కడ ఉండలేక లేచాడు. కూతురు గేటు దాకా వచ్చింది.

"అమ్మగారికి గిటార్ అంటే అంత ఇష్టమా అండీ?"

"గిటార్ అని కాదు, చివరి పాటకు ముందు మీరు వాయించే ఆ బాణీ ఇష్టం. పెళ్లయిన కొత్తలో, మీ చర్చిలోనే వాయించే రోజుల్లో నాన్న కట్టిన బాణీ అది."

గిటారిస్టు గేటు పట్టుకుని నిలబడిపోయాడు.

"మరి ఆ మాట నాకు ఒక్కసారైనా..."

"చెప్పమని నేనూ పోరాను. 'ఇప్పుడది ఆ అబ్బాయి వాయించే పాట, మనదని చెప్పుకోకూడదు' అన్నారు. రోజూ అమ్మ పక్కన కూర్చుని వాయించేవారండీ. చేతులు వణకడం మొదలయ్యాక, మీ వేళ్లతోనైనా ఒక్కసారి వినిపిద్దామని మీ చుట్టూ తిరిగారు."