వేపమండలు కట్టిన ఇల్లు

గుమ్మానికి వేపమండలు కట్టి, హనుమమ్మ గడపలోనే కాపలా కూర్చుంది.

లోపల ఏడేళ్ల మనవరాలు యాదలక్ష్మి కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. కాళ్ల నిండా ఎర్రటి మచ్చలు.

మశూచి ఇంకా ఊళ్లు తిరుగుతున్న రోజులవి. అమ్మవారు పోసిందని హనుమమ్మ తేల్చేసింది. అమ్మవారున్న ఇంట్లో మందు ముట్టరు, బయటివాళ్లకు నీళ్లయినా ఇవ్వరు. ఇక పోచమ్మ పూనకంలో పలికే శివసత్తి నాగులమ్మ వచ్చి తల్లిని చల్లబరచాలి. రెండు ఊళ్ల అవతలున్న ఆమెకు పొద్దున్నే కబురు పంపింది. పేరు వినడమే కానీ ఆమెను హనుమమ్మ ఎన్నడూ చూడలేదు.

మిట్టమధ్యాహ్నం ఎవరో ఆడమనిషి వచ్చి ఆగింది. మాసిన చీర, ముఖమంతా మశూచి గుంటలు.

“అవ్వా, జర మంచినీళ్లియ్యి.”

“కండ్లు కనవడ్తలేవా? వేపమండలు కట్టినం. పో!”

ఆమె పోలేదు. పిల్ల మూలుగు విని, హనుమమ్మ అరుస్తున్నా లోపలికి వచ్చి కూర్చుంది. ఒక మచ్చను వేలితో నొక్కి చూసింది.

“మొకం మీద ఒక్కటి లేదు. అన్నీ కాళ్లకే. గీ మచ్చలల్ల నీళ్లు గూడ లేవు. దొడ్డికి నెత్తురు పడ్తాందా?”

“నిన్నటి సంది,” అన్నాడు పిల్ల తండ్రి ఐలేశం. గొర్రెలను కూడా వదిలేసి మూలన కూలబడి ఉన్నాడు.

“గిది అమ్మ గాదు బిడ్డా. పాలమూరు దవాఖానకు తీస్కపో. ఇప్పుడే పో.”

హనుమమ్మకు ఒళ్లు మండింది. “నీకేం ఎరుక? నాగులమ్మ వచ్చి చెప్పాలె!”

ఆమె లేచి నిలబడింది.

“నాగులమ్మ కోసం చూడకుర్రి. డప్పులు, పూనకం, మేకపోతు అనేసరికి రేపయితది. గందాక పొల్ల ఆగది.”

హనుమమ్మ చీపురు అందుకుంది. ఆమె దాహంతోనే వెళ్లిపోయింది.

ఐలేశం మాత్రం తల్లి మాట వినలేదు. కూతురిని భుజాన వేసుకుని, బస్సు కోసం కోస్గికి పరుగెత్తాడు. తిట్టుకుంటూనే హనుమమ్మ కూడా వెంట పడింది.

“నెత్తురు నాళాలు వాచాయి,” అన్నాడు పాలమూరు డాక్టరు. “కాళ్ల మీద కనిపిస్తున్నవే పేగుల్లోనూ ఉన్నాయి. ఇంకో రోజు ఆగితే పొట్ట కోయాల్సి వచ్చేదేమో.”

నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ ఎక్కించారు. వాపు తగ్గడానికి సూదులు వేశారు, తర్వాత మాత్రలు. మూడోనాటికి నెత్తురు ఆగింది. అయిదోనాడు పిల్ల కళ్లు తెరిచి, “అవ్వా, జొన్నరొట్టె,” అంది.

హనుమమ్మ గుండెల మీది బండ దిగిపోయింది. ఏడుస్తూనే నవ్వింది.

ఇల్లు చేరాక కోడిపుంజును చంకన పెట్టుకుని, దవాఖానలో పోచమ్మకు మొక్కుకున్న మొక్కు చెల్లించడానికి నాగులమ్మ ఊరికి బయలుదేరింది. కబురంపినా రాని ఆ శివసత్తిని నాలుగు మాటలు అడగాలని కూడా మనసులో ఉంది.

గజ్జెలు కట్టుకుని, ముఖాన పసుపు పూసుకుని గద్దె మీద కూర్చున్న నాగులమ్మకు వంగి మొక్కింది.

“పొల్ల తింటాందా, అవ్వా?”

హనుమమ్మ తలెత్తి చూసింది. పసుపు కింద మశూచి గుంటలు. తన కబురు అందుకుని, ఎండలో రెండు ఊళ్లు నడిచొచ్చి, గుక్కెడు నీళ్లడిగిన మనిషి నాగులమ్మే.